మూడో చెయ్యి

గద్వాల,
జనవరి నెలాఖరు.

తమ్మీ అనిల్,

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వుకుంటావేమో. ఇంటికి కొత్త ఫోను వచ్చిన వారానికే మీ అక్క పోస్టాఫీసుకు పోయి కవరు కొనుక్కొచ్చింది. మీ చీరల కంపెనీ వాళ్ళు మన ఇంటి సిమ్ తీసి ఆ ఫోనులో వేశారు. అది వాళ్ళ నంబర్లకు తప్ప ఇంకెవరికీ పోదు, ఇంకెవరు చేసినా మోగదు. పక్కింటి ఫోను నుంచి చేద్దామంటే, నీ సొంత ఫోనులో కూడా వాళ్ళ యాప్ ఉంది, ఎవరు చేసినా తెలిసిపోతుందని నువ్వే చెప్పి పోయావు. ఇక మిగిలింది పోస్టుమ్యానే.

ఫోను అంటే చేతిలో పట్టుకునేది అనుకున్నాను. మగ్గం మీద దూలానికి ఇనుప కడ్డీ బిగించి, దానికి ఈ ఫోనును తలకిందులుగా వేలాడదీసి, మరలు బిగించి, తాళం చెవి వాళ్ళే పట్టుకుపోయారు. పొద్దున మీ బావ దాని కింద నిలబడి ముఖం చూపించి మూడుసార్లు రెప్ప కొట్టాలి. మగ్గం గదిలో వెలుతురు ఎక్కడిది? దానికి ముఖం ఆనదు. నేను బల్బు ఎత్తి పట్టుకోవాలి. రోజూ మీ బావకు హారతి ఇచ్చినట్టుంది. ఒకనాడు గడ్డం గీసుకుంటే ఎవరు నువ్వంది.

కరెంటు పోతే దాని లైటు వెలగదు. ఆపడానికి బటన్ లేదు. మీ బావ మంచినీళ్ళకు లేస్తే లోపల నుంచి ఒక ఆడపిల్ల గొంతు, "దయచేసి మీ స్థానానికి తిరిగి రండి" అంటుంది. అంత మర్యాదగా మా అత్త కూడా ఏనాడూ నన్ను పిలవలేదు.

ఇవన్నీ ఓర్చుకుంటాం. ఓర్చుకోలేనిది ఒకటుంది. నేను మగ్గం పక్కన కూర్చోగానే అది అరుస్తుంది. "రెండో వ్యక్తి కనబడుతున్నారు. దయచేసి పక్కకు జరగండి." అరిచినంతసేపు నేసింది లెక్కలోకి రాదట.

మీ వాళ్ళకు తెలియదు సరే, నువ్వు మగ్గం ఇంట్లో పుట్టినవాడివే కదా. మన చీరకు నడిమి బట్ట వేరు, అంచు వేరు. పోగు చుట్టిన నడిమి నాడె మీ బావ విసిరితే అంచు నాడె నేను పట్టాలి. ప్రతిసారీ ఆ రెండు పోగులూ ఒకదానికొకటి మెలిక పడాలి. పడకపోతే సందు వస్తుంది, కట్టుకున్నామె నాలుగడుగులు వేసేలోపు అంచు ఊడి చేతికొస్తుంది. నాయన జంగయ్య మగ్గం గుంటలో కూర్చుంటే అమ్మ పక్కన కూర్చున్నది ఇందుకే. పెళ్ళైన నాటి నుంచి నేను కూర్చున్నదీ ఇందుకే. ఇప్పుడు నన్ను పక్కకు జరగమంటే ఎక్కడికి జరగను?

నీ మాట మీద పాత సేటును వదిలి ఇటు వచ్చాం. మీ ఆఫీసులో చెప్పి సరిచేయించు.

పద్మజక్క

*

వనపర్తి,
ఫిబ్రవరి మొదటివారం.

అక్కా,

ఉత్తరం అందింది. ఇక నుంచి ఆఫీసుకు కాకుండా, వెనక రాసిన నా గది చిరునామాకే రాయి.

చెప్పాను అక్కా. మా మేనేజరు ప్రభుదాసు సారుకు నాడెల సంగతి బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆయన ఓపికగా విని, "కొనేవాళ్ళకు ఒక ముఖం కావాలి అనిల్. ఒక చీర, ఒక నేతగాడు. పక్కన ఇంకొకరు ఉన్నారంటే కథ కుదరదు" అన్నాడు. చీర కొనగానే దానికి కుట్టిన గుర్తును ఫోనుతో చూస్తే నేసిన మనిషి వీడియో వస్తుంది. దాని కోసమే ఇన్ని వేల రూపాయలు ఎక్కువ ఇస్తారట.

నా పని ఏంటని అడిగావు కదా పోయినసారి ఇంటికి వచ్చినప్పుడు. బట్టల దుకాణం పైన ఒక హాలు. పొద్దున వచ్చి తెర ముందు కూర్చుంటే గద్వాల మగ్గాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. చూసి "ఒక్కరే" అన్న బటనో, "వేరేవారు ఉన్నారు" అన్న బటనో నొక్కాలి. నాకూ ఒక ఫోను ఇచ్చారు, అది నా కళ్ళను చూస్తుంటుంది. చూపు పక్కకు పోతే టింగుమంటుంది. మూత్రానికి పోవాలన్నా దాన్నే అడగాలి. మీ మీద నేను, నా మీద అది.

ఇంకో మాట. మీ మగ్గం నా వంతులోనే పడింది. చుట్టాల మగ్గం చూడకూడదని ఇక్కడ రూలు. మీరెవరో నేను చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకెవరి చేతిలోనో పడేది, వాడు మొదటి రోజే ఆపేసేవాడు. అందుకే అంటున్నాను, ఆ ఫోను అరవకుండా మీరు ఏదైనా ఉపాయం చూడండి. నా దగ్గరికి వచ్చాక నేను చూసుకుంటాను.

బావను కోపం తెచ్చుకోవద్దని చెప్పు.

అనిల్

*

గద్వాల,
ఉగాది తెల్లారి.

తమ్మీ,

ఉపాయం దొరికింది. దొరికిందని సంబరపడాలో ఏడవాలో తెలియక నీకు రాస్తున్నాను.

ఒకరోజు చలికి నేను మీ బావ పాత చొక్కా తొడుక్కుని కూర్చున్నాను. ఫోను నోరెత్తలేదు. నేను లేచి పోయి చొక్కా విప్పి వచ్చి కూర్చుంటే అరిచింది. మళ్ళీ తొడుక్కుంటే ఊరుకుంది. అప్పుడు అర్థమైంది, దానికి చేతుల లెక్క రాదు, రంగు తేడా వస్తేనే పట్టుకుంటుంది. బజారుకు పోయి ఒకే తానులో గుడ్డ చింపించి ఇద్దరికీ నిండు చేతుల చొక్కాలు కుట్టించాను. మీ బావకు మూడు చేతులున్నా మీ కంపెనీకి అభ్యంతరం లేదు, గాజులు మాత్రం ఉండకూడదు. అవి మెరిస్తే మళ్ళీ అరుస్తుంది.

అందుకని గాజులు తీసేశాను.

పండక్కి గాజుల సుల్తానాబీ గంప దించి నా చేతులు చూసింది. ఆమె మన అమ్మకూ వేసింది, నా పెళ్ళికీ వేసింది. తర్వాత మెల్లగా, "నాగప్ప మంచిగనే ఉన్నడు గదా బిడ్డా, చేతులు గిట్ల బోసిగ పెట్టినవేంది?" అంది. ఫోను ఊరుకోదని చెప్పాను. "ఫోన్ ఏమన్న నీ మొగుడా?" అని గంప ఎత్తుకుని పోయింది. వీధిలో అందరూ అడుగుతున్నారు. ఎంతమందికని చెప్పను? మా అత్త మల్లమ్మ అయితే నా చేతి మెతుకు ముట్టడం లేదు, అశుభమట.

మీ బావ నవ్వి ఊరుకుంటున్నాడు గానీ లోపల నవ్వడం లేదు. మొన్న చీర పూర్తయ్యింది. దానికి కుట్టిన చీటీ మీద ఆయన ఫోటో, కింద "నేత: నాగప్ప" అని ఉంది. ఆయన ఆ చీటీని చాలాసేపు చూసి, "సగం చీరకు నా పేరు పెట్టుకోవచ్చు. మిగతా సగం ఎవరు నేసిండ్రు, దయ్యమా?" అన్నాడు.

నువ్వు చూస్తున్నావు కదా రోజూ. నా చెయ్యి కనబడుతోందా?

పద్మజక్క

*

వనపర్తి,
ఏప్రిల్.

అక్కా,

కనబడుతోంది. నాడె విసిరేటప్పుడు అమ్మ లాగే చిటికెన వేలు పైకి లేపుతావు. ఆ వేలు ఒక్కటి జర మడుచుకో. ఇక్కడ అప్పుడప్పుడు సారు వెనక నుంచి వచ్చి నిలబడతాడు.

మిగతాదంతా నేను "ఒక్కరే" అని పంపిస్తున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, మీ ఇంటి దొంగను నేనే. నువ్వేం పరేషాన్ కావద్దు. పక్కన కూర్చునే కుర్రవాడు తన వంతు మగ్గాలు సగం ఆపేస్తాడు, నావి ఒక్కటీ ఆగవు. నా చేతి కింద గద్వాల వాళ్ళు బాగుపడ్డారని ఇక్కడ పేరొచ్చింది.

సుల్తానాబీకి నా సలాం చెప్పు.

అనిల్

*

గద్వాల,
మే నెల, ఎండలు.

తమ్మీ,

మీ బావ మగ్గం దిగిపోయాడు.

ముందు నుంచి చెప్తాను. ఈ ఎండలకు ఫోను కాగిపోయి తనంతట తానే ఆరిపోవడం మొదలుపెట్టింది. చల్లబడాలని తడిగుడ్డ కప్పితే, "పరికరాన్ని కప్పకండి" అంది. ఫ్యాను పెట్టమని మీ వాళ్ళు సలహా ఇచ్చారు. మగ్గం మీద పోగుకు గాలి పడదు, చిక్కుపడి తెగుతుంది. అందుకే కదా మన ఇళ్ళలో ఎండాకాలం కూడా తలుపులు వేసుకుని చెమటలు కక్కుతూ నేసేది. పోగుకు గాలి వద్దు, ఫోనుకు గాలి కావాలి. ఎవరి మాట వినాలి? ఫోను మాట విన్నాం. ఫ్యాను దాని దిక్కు తిప్పి పెట్టాం. అది చల్లగా ఉంది, మేం తెగిన పోగులు ముడివేసుకుంటూ కూర్చున్నాం.

కొంగు నేస్తున్న రోజు అది ఆరిపోయింది. మేం తల ఎత్తి చూసుకోలేదు. జరీ కొంగు, బుటాలన్నీ సరిగ్గా కూర్చున్నాయి, జానెడు పైగా నేశాం. మధ్యాహ్నం అది లేచి, వీడియో లేని భాగాన్ని విప్పి మళ్ళీ నేయమంది. నేను ఏదో తప్పు విన్నాననుకున్నాను. వాళ్ళ నంబరుకు చేస్తే ఒకాయన కూడా అదే చెప్పాడు. బట్ట బాగుందా లేదా అన్నది కాదట, నేస్తుంటే కనబడిందా లేదా అన్నదట.

తప్పు నేసి విప్పిన రోజులున్నాయి. ఒప్పు నేసింది విప్పడం మా ఇద్దరికీ తెలియదు. జరీ పోగు ఒకసారి వంగిందంటే మళ్ళీ మెరవదు. మీ బావ విప్పాడు, కాదనను. ఒక్కొక్క పోగు విప్పుతుంటే పైన అది చూస్తూనే ఉంది. అంతా అయ్యాక గుంటలో నుంచి లేచి కాళ్ళు కడుక్కుని, "పద్మా, చేసిన పనిని చేయలేదన్నట్టు చేసుడు నాతోని కాదు. నేను అయిజకు పోత" అన్నాడు. అయిజలో పత్తి విత్తనాల మిల్లులో మూటలు మోస్తున్నాడు ఇప్పుడు. పట్టు నేసిన చేతులు.

చీర సగంలో ఉంది. మగ్గం మీద సగం చీర వదిలితే నాకు అన్నం దిగదు. ఆయన పొద్దున అయిజ బస్సు ఎక్కే ముందు వచ్చి దానికి ముఖం చూపించి పోతున్నాడు. తర్వాత నేను ఆ చొక్కా తొడుక్కుని గుంటలోకి దిగి, రెండు దిక్కుల నాడెలూ ఒక్కదాన్నే పడుతున్నాను. నిదానంగా సాగుతోంది. అయినా ఒక్క సందు పడనియ్యలేదు. ముఖం ఆయనది, చేతులు నావి.

నువ్వు ఇది చూస్తావు. చూసి ఏమనుకుంటావో రాయి.

పద్మజక్క

*

వనపర్తి,
జూన్.

అక్కా,

చూశాను. ఏమీ అనుకోలేదు. "ఒక్కరే" అని నొక్కాను. ఈసారి అది నిజం కూడా కదా.

బావకు నచ్చజెప్పు. వానలు పడితే ఫోను వేడెక్కదు.

అనిల్

*

గద్వాల,
జూలై మొదటివారం.

తమ్మీ,

మీ బావ ఇక ముఖం చూపించడానికి కూడా రానన్నాడు. కోపంతో కాదు, ఆలోచించే అన్నాడు. "నేసేది నువ్వు. నీ పేరు మీదనే తీసుకో" అన్నాడు. నాకూ అదే సరి అనిపించింది. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ అనిపించలేదు, ఈ రెండు నెలలు గుంటలో ఒక్కదాన్నే కూర్చున్నాక అనిపించింది. చీటీ మీద "నేత: పద్మజ" అని చూసుకోవాలని ఉంది. ఉందని చెప్పడానికి సిగ్గెందుకు?

మీ కంపెనీ మనిషి వస్తే అడిగాను. అతను ఫోనులో వెతికి, ఈ మగ్గం మీద నాగప్ప తప్ప ఎవరూ పనిచేసినట్టు లేదమ్మా అన్నాడు. నేనే నేశానని మొన్న తీసిన చీర చూపించాను. వీడియోలన్నీ ఒక్కరే అని ఖాయమయ్యాయి, ఆ ఒక్కరు నాగప్పే అన్నాడు. నాకు కావాలంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళ కింద రాసుకుంటాడట. వాళ్ళకు పట్టు ఇవ్వరు. తువ్వాళ్ళు ఇస్తారు.

తువ్వాళ్ళు, తమ్మీ. నాకు.

ఆ వీడియోలు ఖాయం చేసింది నువ్వు. కాబట్టి నిన్ను ఒకే ఒక్కటి అడుగుతున్నాను. ఆ మగ్గం మీద కనబడే మూడో చెయ్యి నాగప్ప భార్య పద్మజది, మే నెల నుంచి రెండు చేతులూ ఆమెవే అని మీ సారుకు ఒక్క మాట రాసివ్వు. వీడియోలు ఉన్నాయి కదా, తీసి చూసుకోమను. ఈ నెలాఖరులోపు తేలకపోతే ఫోను, మగ్గానికి ఇచ్చిన పడుగు నూలు రెండూ వాపసు తీసుకుపోతామన్నారు.

పద్మజక్క

*

నాగర్‌కర్నూల్,
జూలై.

అక్కా,

నీ ఉత్తరం జర ఆలస్యంగా చేరింది. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. నా ఫోను మార్చారు, కొత్తది ఇంకా అధ్వాన్నం, నడిచిన అడుగులు కూడా లెక్కపెడుతుంది. గదిలో నెట్ లేక తిప్పలు పడుతున్నాను. నీళ్ళు పడక జలుబు చేసింది. మీరు కాచిన నీళ్ళు తాగండి.

నువ్వు రాసిన సంగతి మనసులో ఉంది. ఇప్పుడు సమయం కాదు. చూసి చెప్తాను.

అనిల్

*

గద్వాల. (కార్డు)

అనిల్,

నీ జలుబు సంగతి తెలిసింది. ఉత్తరం మీద ఊరి పేరు మారింది, ఎందుకు మారిందో రాయలేదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నావు.

ఫోను, పడుగు తీసుకుపోయారు. దూలానికి మరలు దిగిన గుంతలు మిగిలాయి.

పద్మజ

*

నాగర్‌కర్నూల్,
ఆగస్టు మొదటివారం.

అక్కా,

ఇది నాలుగోసారి రాయడం. మొదటి మూడూ చింపేశాను.

నన్ను ఇక్కడికి పంపింది ప్రమోషన్ మీద. నా వంతులో ఒక్క మగ్గం కూడా ఆగలేదని, అందరికంటే శుభ్రమైన రికార్డు నాదని ఇచ్చారు. నువ్వు అడిగిన మాట రాసిస్తే ఆ రికార్డంతా అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు. చుట్టరికం దాచినందుకు ఆ రోజే పంపించేస్తారు. పంపించేస్తే నేను ఎక్కడికి రావాలి? నాయన గుంటలోకేగా. నాకు ఆ గుంటలోకి మళ్ళీ దిగాలని లేదక్కా. చిన్నప్పుడు తలుపులు మూసిన ఆ గదిలో నాయన దగ్గు వింటూ పెరిగాను. అది నీకు చెప్పే ధైర్యం లేక జలుబు అని రాశాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పకపోయినా ఎవరో ఒకరు చెప్తారు.

మొన్న ఇక్కడ కొత్త దుకాణం తెరిచారు. గోడంత తెర పెట్టి చేనేత మీద చిన్న వీడియో వేశారు. అన్ని మగ్గాల్లోకీ అందమైన చెయ్యి ఒకటి ఎంచి ఇమ్మని ప్రభుదాసు సారు ముందుగానే నన్ను అడిగాడు. నేను ఎంచాను. వెతకాల్సిన పని లేకపోయింది. చిటికెన వేలు పైకి లేచి, నాడె చేతిలో నుంచి జారి, అంచు పోగు నడిమి పోగును పట్టుకునే ఆ ఒక్క క్షణం. ఎన్ని నెలలుగానో రోజూ చూస్తున్నాను, ఒక్కసారి కూడా కళ్ళు పక్కకు పోయి నా ఫోను టింగుమనలేదు.

గోడ మీద నీ చెయ్యి మనిషెత్తున ఉంది. కింద "నాగప్ప, గద్వాల" అని పేరు. సారు నా భుజం తట్టి, "మగవాడి చేతిలో ఇంత నాజూకు ఎక్కడన్నా చూశావా?" అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది.

నేనూ కొట్టాను అక్కా.

రాఖీకి ఇంటికి రావాలని ఉంది. రమ్మంటావా?

అనిల్

*

గద్వాల,
రాఖీ పున్నమికి ముందు.

అనిల్,

ఉత్తరం చదివాను. మీ బావకు కూడా చదివి వినిపించాను. ఆయన బీడీ ముట్టించుకుని వాకిట్లోకి పోయాడు.

నువ్వు గుంటలోకి దిగనంటే నేను తప్పు పట్టను. అందులో కూర్చున్నదాన్ని కాబట్టి ఆ బాధ నాకు తెలుసు. నీకు ఉద్యోగం ఉండాలనే నేనూ కోరుకున్నాను. కానీ నా చేతిని అంత బాగా ఎంచినవాడివి, అది ఎవరిదో తెలిసినవాడివి మీ కంపెనీలో నువ్వొక్కడివే. నువ్వు కూడా చప్పట్లు కొట్టి ఊరుకున్నాక ఇక నేను ఎవరికి చెప్పుకోవాలి?

పాత సేటు దగ్గరికి పోయాను. వదిలి పోయినందుకు నాలుగు మాటలు అన్నాడు, పడ్డాను. కూలి తగ్గించి పడుగు ఇచ్చాడు. గుంటలో నేను కూర్చుంటున్నాను. మీ బావ మిల్లుకు సెలవున్న రోజు వచ్చి పక్కన కూర్చుని అంచు నాడె పడుతున్నాడు. చీటీలు లేవు, పేర్లు లేవు. సుల్తానాబీని పిలిచి చేతుల నిండా గాజులు వేయించుకున్నాను. మగ్గం కదిలినప్పుడల్లా చప్పుడవుతున్నాయి, ఎవరూ అరవడం లేదు. మా అత్త నా చేత్తో అన్నం తింటోంది. ఆ చొక్కాలు రెండూ చింపి మసిగుడ్డలు చేశాను.

పండక్కి రావద్దు. రాఖీ ఈ కవరులోనే పెట్టాను. నీ కంపెనీ విప్పించిన కొంగులోని జరీ పోగుతో అల్లాను, అందుకే మెరుపు లేదు.

ఏటా నువ్వు చెయ్యి చాపితే నేను కట్టేదాన్ని. ఈసారి నువ్వే కట్టుకో. ఒక్క చేత్తో ముడి ఎట్లా పడుతుందని అనుకోకు. ఇద్దరి పనిని ఒక్కరే చేశారని రోజూ బటన్ నొక్కినవాడివి నువ్వే కదా.

పద్మజ